గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు
చెన్నపట్టణమున 1806లో జన్మించిన లక్ష్మీనరసు శెట్టిగారు తండ్రి సిద్ధులు శెట్టిగారి వెంట నీలిమందు, వస్త్రముల వర్తకము సాగించి విశేష ధనము నార్జించిరి. పిదప అంగడి నుండి ప్రజాకార్యమునకు మరలిరి గాని, ఓనమాల నుండి మొదలిడ వలసిన పని లేకపోయెను. బేరసారములలో నలవడిన లెక్కల నేర్పు, దొరలతోడి పరిచయము, తోడి వర్తకుల నమ్మిక, ఇవియే వారికి కొత్త వృత్తిలో మూలధనమైనవని మా తలంపు.

1844లో క్రెసెంటు పత్రికను, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును నెలకొల్పిరి. శిస్తు వసూలునకై రైతులను హింసించుటను గూర్చి పార్లమెంటునకు మహజరు పంపించిరి. 1853లో డాన్బీ సీమరు దొర వచ్చి ఆ బాధలను విచారించెను. తరువాత నియమింపబడిన విచారణ సంఘము హింస నిజమేయని 1855లో తేల్చినది. 1863లో శెట్టిగారు శాసనసభ్యులైరి.

వర్తకము మాటయో? చూచువారు లేక అది క్షీణించెను. ఆర్జించినదంతయు ప్రజాకార్యమునకే వ్యయమైనది. వర్తకుడై యుండియు లాభనష్టము లెరుగడాయెనని యెవరైన ననిన మేమంగీకరింపము. 1868లో కాలధర్మము నొందునాటికి వారు నిరుపేదలు.