కర్తవ్యనిష్ఠుడు జోసెఫ్ పెట్రోసినో

సరిహద్దులో శత్రువుతో పోరాడి నేలకొరిగిన సైనికుణ్ణి జాతి కృతజ్ఞతతో స్మరించుకుంటుంది. ఊరి నడుమ, మన ఇంటి వీధిలోనే, మనకు తెలియకుండా మన కోసం పోరాడే రక్షకభటుని త్యాగం అంత త్వరగా గుర్తుకు రాదు. 1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పులలో పదిమంది భారతీయ పోలీసులు అసువులు బాశారు. వారి స్మృత్యర్థం ఏటా అక్టోబరు 21వ తేదీని మన దేశంలో పోలీసు అమరవీరుల సంస్మరణ దినంగా పాటిస్తున్నారు. అమెరికాలో మే 15 అటువంటి దినం. కర్తవ్యపాలనలో ప్రాణాలర్పించిన రక్షకభటులు ప్రతి దేశంలోనూ ఉన్నారు. వారిలో ఒక దేశంలో పుట్టి, మరొక దేశానికి సేవచేసి, చివరకు జన్మభూమి మీదనే హతుడైన ధీరుడు జోసెఫ్ పెట్రోసినో.

పెట్రోసినో 1860 ఆగస్టు 30న దక్షిణ ఇటలీలోని పాదూలా అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జుసెప్పె. తండ్రి దర్జీ. ఆ కాలంలో దక్షిణ ఇటలీని దారిద్ర్యం పీడిస్తూ ఉండేది. బతుకుతెరువు వెతుక్కుంటూ వేలాది కుటుంబాలు ఓడలెక్కి అమెరికాకు తరలిపోయేవి. పెట్రోసినో కుటుంబం కూడా 1870వ దశకంలో న్యూయార్క్ నగరం చేరింది. జుసెప్పె అక్కడ జోసెఫ్ అయ్యాడు.

పేదరికం బాలునికి ఎన్నో పనులు నేర్పింది. మల్బరీ వీధిలో పోలీసు ప్రధాన కార్యాలయం ఉండేది. దాని ముంగిట కూర్చుని ఆ బాలుడు వచ్చేపోయే వారి బూట్లకు మెరుగు పెట్టేవాడు. కొంత వయస్సు వచ్చాక వీధులు ఊడ్చే శాఖలో చేరాడు. అతని కష్టించే స్వభావం, చురుకుదనం ఒక పోలీసు అధికారి దృష్టిని ఆకర్షించాయి. పోలీసు ఉద్యోగానికి విధించిన ఎత్తు పెట్రోసినోకు లేదు. అయినా ఆ నియమాన్ని సడలించి 1883 అక్టోబరు 19న ఆయనను ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఒకనాడు ఎవరి బూట్లు తుడిచాడో, ఆ అధికారుల సరసన ఆయన నిలబడ్డాడు.

ఆనాటి న్యూయార్క్ పోలీసులలో ఐరిష్ సంతతివారు అధికం. ఇటాలియన్ భాష తెలిసినవారు అరుదు. మరోవంక ఇటలీ నుండి వచ్చే వలస జనం ఏటికేడు పెరుగుతూ ఉండేది. తమ బాధ చెప్పుకుందామంటే వినేవారికి వారి భాష తెలియదు. తెలిసినా వారిపై సానుభూతి తక్కువ. భాష రాకపోవడం వల్ల నిస్సహాయులైన ఆ జనానికి పెట్రోసినో రాకతో తమ మాట ఆలకించే మనిషి దొరికాడు. ఆయన ప్రతిభను గుర్తించి 1895లో థియోడర్ రూజ్‌వెల్ట్ డిటెక్టివ్ సార్జెంటుగా పదోన్నతి కల్పించాడు. తరువాత అమెరికా అధ్యక్షుడైన రూజ్‌వెల్ట్ అప్పట్లో ఆ నగర పోలీసు బోర్డుకు అధ్యక్షుడు.

పెట్రోసినోకు అసాధారణమైన జ్ఞాపకశక్తి ఉండేది. ఒకసారి చూసిన ముఖాన్ని ఆయన మరచిపోయేవాడు కాదు. కూలివాడుగా, బిచ్చగాడుగా వేషాలు మార్చి నేరస్థుల మధ్య తిరిగేవాడు. 1903 ఏప్రిల్‌లో న్యూయార్క్ వీధిలో ఒక పీపాలో గుర్తు తెలియని శవం దొరికింది. పెట్రోసినో సింగ్ సింగ్ కారాగారానికి వెళ్ళి, అక్కడి ఖైదీ ఒకనిని విచారించి, మృతుడెవరో కనుగొన్నాడు. నిర్దోషికి శిక్ష పడకుండా చూడడం కూడా తన విధి అని ఆయన భావించేవాడు. చేయని హత్యకు మరణశిక్ష పడిన ఒక ఇటాలియన్ యువకుని పక్షాన పరిశోధన సాగించి, అసలు హంతకుణ్ణి పట్టుకుని, ఆ యువకుణ్ణి మృత్యుముఖం నుండి తప్పించాడు.

ఆ రోజులలో ఇటాలియన్ వాడలను వణికించిన పేరు ‘బ్లాక్ హ్యాండ్’, అనగా ‘నల్లచేయి’. ఇది ఒకే నాయకుని కింద నడిచిన సంస్థ కాదు. అనేక ముఠాలు ఈ పేరుతో దోపిడీ సాగించేవి. దుకాణదారునికో, వైద్యునికో, కష్టపడి నాలుగు డబ్బులు కూడబెట్టిన కూలికో ఒక లేఖ వచ్చేది. దాని చివర నల్లని చేతి గుర్తో, కత్తి బొమ్మో ఉండేది. అడిగిన సొమ్ము ఇవ్వకుంటే అంగడి పేలిపోయేది. లేదా బిడ్డ మాయమయ్యేది. ప్రసిద్ధ గాయకుడు ఎన్రికో కరూసోకు సైతం ఇటువంటి బెదిరింపు తప్పలేదు. బాధితులు సాక్ష్యం చెప్పడానికి భయపడేవారు. వారి మౌనమే దుండగుల పెట్టుబడి. ఈ సత్యాన్ని పెట్రోసినో బాగా గ్రహించాడు. దోచేవారూ తన దేశస్థులే, దోపిడీకి గురయ్యేవారూ తన దేశస్థులే. కొద్దిమంది దుర్మార్గుల వల్ల కష్టజీవులైన లక్షలాది మందికి అపకీర్తి వస్తున్నదని ఆయన ఆవేదన చెందాడు.

ఇటాలియన్ భాష తెలిసిన పోలీసులతో ప్రత్యేక దళం కావాలని ఆయన పట్టుబట్టాడు. తొలుత అధికారులు అంగీకరించలేదు. చివరకు 1904-05 ప్రాంతంలో ఆయన నాయకత్వాన ‘ఇటాలియన్ స్క్వాడ్’ ఏర్పడింది. కొద్దిమందితో మొదలైన ఆ దళం ఎన్నో ముఠాలను పట్టి న్యాయస్థానం ముందు నిలిపింది. బెదిరింపు లేఖలు పెట్రోసినోకు కూడా వచ్చేవి. ఆయన చలించలేదు.

ఎందరిని పట్టినా కొత్త నేరస్థులు ఇటలీ నుండి వస్తూనే ఉన్నారు. అమెరికాలో 1907లో వచ్చిన వలస చట్టం ఇందుకు ఒక మార్గం చూపింది. స్వదేశంలో నేరానికి శిక్ష పడిన విషయం దాచి వచ్చినవారిని, వచ్చిన మూడేళ్ళలోపు గుర్తిస్తే వెనుకకు పంపవచ్చు. దానికి ఇటలీ న్యాయస్థానాల దస్తావేజులు కావాలి. వాటిని సేకరించే పని పెట్రోసినోకు అప్పగించారు. అప్పటికి ఆయన వయస్సు నలభై ఎనిమిది. ఆలస్యంగా వివాహం చేసుకున్న ఆయనకు కొన్ని నెలల పసిపాప ఉంది. ఆ బిడ్డను, భార్యను విడిచి 1909 ఫిబ్రవరిలో మారుపేరుతో ఓడ ఎక్కాడు.

ఆ ప్రయాణం అత్యంత రహస్యంగా ఉండవలసింది. కాని ఆయన ఇంకా దారిలో ఉండగానే న్యూయార్క్ పత్రికలో ఆ వార్త వెలువడింది. పోలీసు కమిషనర్ బింగ్‌హామ్ స్వయంగా పత్రికలవారికి ఆ విషయం వెల్లడించడమే దానికి కారణం. రహస్యమే కవచంగా బయలుదేరిన వానికి ఆ కవచం తొలగిపోయింది. అయినా పెట్రోసినో వెనుదిరగలేదు. సిసిలీ ద్వీపంలోని పలెర్మో నగరం చేరి దస్తావేజుల సేకరణ ప్రారంభించాడు. 1909 మార్చి 12వ తేదీ రాత్రి, మెరీనా కూడలిలో ఒంటరిగా ఉన్న ఆయనపై దుండగులు కాల్పులు జరిపారు. ఆయన అక్కడికక్కడే ప్రాణాలు విడిచాడు.

మాఫియా నాయకుడు వీటో కాషియో ఫెర్రోపై బలమైన అనుమానం కలిగింది. కాని హత్య జరిగిన సమయంలో అతడు తన ఇంట ఉన్నాడని ఒక పలుకుబడి గల వ్యక్తి చెప్పడంతో కేసు నిలవలేదు. 2014లో మరొక కేసులో ఇటలీ పోలీసులు రహస్యంగా విన్న సంభాషణలో, తన పూర్వీకుడే ఆ హత్య చేశాడని ఒకడు గొప్పగా చెప్పుకోవడం బయటపడింది. అయితే పెట్రోసినో హత్యకు ఎవరికీ శిక్ష పడలేదు. జీవితమంతా సాక్ష్యం కోసం పోరాడిన వ్యక్తి మరణానికే సాక్ష్యం దొరకకపోవడం విషాదం.

ఆయన భౌతికకాయం ఓడలో న్యూయార్క్ చేరింది. 1909 ఏప్రిల్ 12న జరిగిన అంత్యయాత్రకు సుమారు రెండున్నర లక్షల మంది తరలివచ్చారు. ఏళ్ళ తరబడి భయంతో తలుపులు మూసుకున్న ఇటాలియన్ కుటుంబాలు ఆనాడు బహిరంగంగా వీధులలో నిలబడి కన్నీరు కార్చాయి. బతికి ఉండగా ఆయన వారి నుండి కోరినది ఆ ధైర్యమే. నేడు న్యూయార్క్‌లో ఆయన పేరుతో ఒక కూడలి ఉంది. పాదూలాలో ఆయన పుట్టిన ఇల్లు స్మారక ప్రదర్శనశాలగా వెలసింది.

అమరులను స్మరించడమంటే విగ్రహానికి పూలమాల వేయడం మాత్రమే కాదు. నేరాన్ని చూసి మౌనం వహించక నిజం చెప్పడం, రక్షకుని రక్షణకు అవసరమైన జాగ్రత్తను సమాజమూ ప్రభుత్వమూ పాటించడం అసలైన నివాళి. రక్షకభటుడు ఒంటరివాడైననాడు చట్టమూ ఒంటరిదవుతుంది. పెట్రోసినో జీవితమూ, మరణమూ మనకు బోధించే పాఠం ఇదే.