పుదుచ్చేరి యోగికి వచ్చిన పరీక్ష

తన బాధను ఓర్చుకొనుట కొంత సులభము; తనవారి బాధను చూచుచు భగవంతుని నమ్మియుండుట మిక్కిలి కష్టము. పుదుచ్చేరిలో నలువదియేండ్లు తపస్సు చేసిన శ్రీ అరవిందులకును ఈ పరీక్ష తప్పలేదు.

ఆయన 1872 ఆగష్టు 15వ తేదీన కలకత్తాలో జన్మించిరి. బాల్యముననే ఇంగ్లండునకు పంపబడి, 1893లో స్వదేశమునకు మరలివచ్చి, బరోడా సంస్థానమున ఉద్యోగము స్వీకరించిరి. 1901లో భూపాలచంద్ర బోసుగారి కుమార్తె మృణాళినీదేవిని వివాహమాడిరి. ఆమెకు అప్పుడు పదునాలుగేండ్లు. సంసారసుఖము ఆమెకు స్వల్పకాలమే లభించెను. దేశసేవయు, దైవసాక్షాత్కార కాంక్షయు ఆయనను దినదినమును ఇంటికి దూరము చేయుచుండెను.

1905 ఆగష్టులో ఆయన భార్యకు వ్రాసిన జాబు ప్రసిద్ధమైనది. అందు తన మార్గమును దాచక తెలిపి, ప్రతిదినము కొంతసేపు భగవంతుని ధ్యానించి ప్రార్థింపుమని కోరిరి. తన కష్టములు తొలగవలెనని వేడుకొనుమని ఆయన చెప్పలేదు. భర్త చేయు భగవదన్వేషణకు తాను అడ్డుగాక తోడుగా నుండవలెనని వేడుకొనుమనిరి. పసితనము వీడని ఇల్లాలికి అది ఎంత కఠినమైన ప్రార్థనయో ఊహింపవచ్చును.

1908 మే నెలలో పోలీసులు ఆయనను నిర్బంధించినపుడు ఆమెయు ఆ యింటనే యుండెను. అలీపూరు చెరసాలలో తొలిదినములయందు తన విశ్వాసము సయితము చలించెనని ఆయనయే 1909లో ఉత్తరపార సభలో ఒప్పుకొనిరి. ఆయన ప్రార్థించి, ఓర్పుతో వేచియుండిరి. క్రమముగా ఆ చెరసాల గోడలయందును, తోడి ఖైదీలయందును వాసుదేవుని దర్శించిరి.

విడుదలైన మరుసటి సంవత్సరము, 1910 ఏప్రిల్ 4వ తేదీన, ఆయన పుదుచ్చేరి చేరిరి. అప్పుడది ఫ్రెంచివారి ఏలుబడిలోని పట్టణము. బ్రిటిషువారి గూఢచారులు అచటను ఆయనను కనిపెట్టుచుండిరి. చేత ధనము లేదు. అట్టి స్థితిలో భార్యను పిలిపించుకొనుటకు వీలుకాలేదు. మృణాళినీదేవి పుట్టినింట నుండి, పూజాధ్యానములతో కాలము గడపెను. శ్రీ శారదామాత సన్నిధికి వెళ్లినపుడు ఆమెకు మాతృప్రేమ లభించెను.

ఇట్లు ఎనిమిదేండ్లు గడచెను. 1918 నవంబరులో మహాయుద్ధము ముగిసెను. పుదుచ్చేరికి పోవలెనను ఆమె కోరిక నెరవేరు దినము సమీపించినట్లు తోచెను. కాని ఆ యేడు దేశమంతట వ్యాపించి, కోటికి మించిన ప్రాణములను హరించిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరము ఆమెను కూడ విడువలేదు. డిసెంబరు 17వ తేదీన, ముప్పదియొకటవ యేట, కలకత్తాలో ఆమె కన్నుమూసెను.

యోగికి దుఃఖ ముండదని కొందరు తలంతురు. శ్రీ అరవిందులు రెండు మాసములు మామగారికి జాబు వ్రాయలేకపోయిరి. 1919 ఫిబ్రవరిలో వ్రాసినపుడు తన హృదయమునకు తగిలిన దెబ్బను దాచుకొనలేదు. అయినను ఈశ్వరుని నిందింపలేదు. ఆయన సంకల్పము మన బుద్ధికి అందకపోయినను అందు తమకు విశ్వాసము గలదనియు, మృత్యువుతో ప్రేమ అంతరింపదనియు తెలిపిరి. ఆమె నగలను విక్రయింపగా వచ్చిన ధనము ఆయన సమ్మతితో రామకృష్ణ మిషనుకు చేరెను. గీతను వ్యాఖ్యానించుచు ‘ఆర్య’ పత్రికలో ఆయన ప్రకటించుచుండిన వ్యాసములు ఆగలేదు.

దంపతులు మరల కలిసికొనలేదు. అయినను 1905లో ఆయన ఆమెకు నేర్పిన ప్రార్థన నిష్ఫలము కాలేదు. ఆమె భర్త మార్గమునకు అడ్డురాలేదు. ఆయన సాధన 1950 డిసెంబరు 5వ తేదీన దేహత్యాగము చేయువరకు పుదుచ్చేరిలోనే సాగెను.

మన యింట రోగి మంచముపై నున్నపుడు వైద్యము చేయింపవలెను, రాత్రులు మేల్కొని సేవ చేయవలెను, స్వస్థత కొరకు కన్నీటితో వేడుకొనవలెను. ఇందు దోష మేమియు లేదు. కోరినది లభింపకపోయినను ఆయన పాదములను విడువకుండు బలమును కూడ ఆ ప్రార్థనలోనే అడుగుకొనవలెను. ఆ బలము లభించినవాని ఇంటికి శోకము రాకమానదు. కాని ఆ శోకమున అతడు ఒంటరివాడు కాడు.