యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 1948) సుప్రసిద్ధ వైద్య శాస్త్రజ్ఞుడు, జీవరసాయన శాస్త్రవేత్త. ఈయన కృషి పలు రంగాలకు విస్తరించినా, రోగికి పెట్టే పథ్యాహారంలో మందుగా పనిచేసే పదార్థమేదో వెదకి పట్టుకోవడం అందులో ముఖ్యమైనది. ఫోలిక్ ఆమ్లాన్ని కాలేయం నుండి వేరుచేసి, దానిని కృత్రిమంగా తయారు చేసిన బృందానికి ఈయన నాయకుడు.

బాల్యము, విద్యాభ్యాసము

సుబ్బారావు భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. చిన్నతనంలోనే చదువు మీద శ్రద్ధ తప్పి, మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణుడు కాలేదు. తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. స్వదేశీ ఉద్యమ ప్రభావంతో ఖద్దరు దుస్తులు ధరించినందున శస్త్రచికిత్స ఆచార్యునికి కోపకారణమయ్యాడని, ఆ కారణంగానే ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా లభించిందని చెబుతారు. చదువుకు ఆర్థికంగా తోడ్పడిన కస్తూరి సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరిని 1919లో వివాహమాడాడు.

స్ప్రూ వ్యాధి

సుబ్బారావు సోదరులిద్దరు కొద్ది రోజుల వ్యవధిలోనే ఉష్ణమండల స్ప్రూ వ్యాధితో మరణించారు. ఆయుర్వేదంలో గ్రహణిగా వర్ణించిన జబ్బుకు ఇది దగ్గరగా ఉంటుంది. ప్రేగుల లోపలి పొర దెబ్బతిని, తిన్న ఆహారంలోని సారం ఒంటికి పట్టదు. విడువని విరేచనాలు, నాలుక పూత, రక్తహీనతతో రోగి క్రమంగా చిక్కిపోతాడు. ఇంట్లో తిండికి కొదవ లేకున్నా పోషకాహార లోపం ఏర్పడడమే ఈ వ్యాధిలోని విషాదం. సుబ్బారావు కూడా దీని బారిన పడి, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద ఔషధాలతో కోలుకున్నాడని జీవితచరిత్రకారులు పేర్కొన్నారు. అనంతరం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు. తరువాత అమెరికా చేరి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం అభ్యసించాడు.

కాలేయ పథ్యము

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి శరీరద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి.ల ఉనికిని గుర్తించడంలో పాలుపంచుకున్నాడు. 1930లో పిహెచ్.డి. పొందాడు.

ఆ కాలంలోనే బోస్టన్ వైద్యులు మైనాట్, మర్ఫీలు ప్రాణాంతకమైన పెర్నీషియస్ అనీమియాకు కాలేయాన్ని పథ్యంగా పెట్టి రోగులను బ్రతికించవచ్చునని 1926లో నిరూపించారు. అయితే రోజూ పావు కిలో వరకు, సరిగా ఉడకని కాలేయం తినడం ఆకలి చచ్చిన రోగికి ఎంత కష్టమో ఊహించవచ్చు. అందుచేత కాలేయపు సారాన్ని తీయడం, ఆపై ఆ సారంలోని అసలు పదార్థాన్ని శోధించడం మొదలయ్యాయి. సుబ్బారావు ఈ శోధనలో సంవత్సరాల తరబడి శ్రమించాడు. ఎలుకల పోషణలో పాంటోథెనిక్ ఆమ్లం పాత్రపై కూడా ఈ కాలంలోనే పరిశోధించాడు. భారతదేశంలో మరొక ఆధారం అప్పటికే దొరికింది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని 1931లో ప్రకటించింది.

ఫోలిక్ ఆమ్లము

1940లో సుబ్బారావు న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరాడు. అక్కడ అతని బృందం 1945లో ఈ విటమిన్‌ను కృత్రిమంగా తయారు చేసింది. 1941లో పాలకూర ఆకుల నుండి తీసినప్పుడే దీనికి ఆకు అనే అర్థం గల లాటిన్ పదం నుండి ఫోలిక్ అన్న పేరు పెట్టారు. కణాలలో డి.ఎన్.ఎ. తయారీకి ఇది అవసరం. ఇది లోపిస్తే ఎర్ర రక్తకణాలు సరిగా విభజన చెందక, పెద్దవై, సంఖ్యలో తగ్గిపోతాయి. తోటకూర, పాలకూర, పప్పుధాన్యాలు, కాలేయంలో లభించినా, ఎక్కువసేపు ఉడికించి నీరు పారబోస్తే చాలాభాగం పోతుంది.

స్ప్రూ రోగులకు ఇది వరమైంది. సోదరులను బలిగొన్న వ్యాధికి ఔషధం దొరికింది గాని, అతడు వెదకిన పదార్థం మాత్రం ఇది కాదు. పెర్నీషియస్ అనీమియాలో ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని బాగుచేసినా నరాల క్షీణతను ఆపలేదు. ఆ పని చేసే బి12 విటమిన్‌ను 1948లో ఇతర సంస్థల శాస్త్రజ్ఞులు వేరుచేశారు. అందుకే పెద్దకణాల రక్తహీనతలో బి12 లోపం లేదని తేల్చుకోకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇవ్వరాదని వైద్యులు చెబుతారు.

ఇదే విటమిన్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్‌ను కూడా లెడర్లీ బృందం తయారు చేసింది. సిడ్నీ ఫార్బర్ దానిని లుకేమియా సోకిన పిల్లలకు వాడి, 1948లో తాత్కాలిక ఉపశమనం సాధించాడు. నేటి మెథోట్రెక్సేట్ ఈ కోవలోనిదే. బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజైన్, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా ఆయన నేతృత్వంలోనే వెలువడ్డాయి.

మరణము, అనంతరము

సుబ్బారావు 1948 ఆగష్టులో న్యూయార్కులో నిద్రలోనే మరణించాడు. అమెరికా వెళ్ళిన తరువాత భార్యను మరల చూడలేదు. భారత తపాలా శాఖ 1995లో ఆయన శతజయంతి సందర్భంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది. భారత ప్రభుత్వం 1970లో చేపట్టిన రక్తహీనత నివారణ పథకంలో గర్భిణులకు ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం చేర్చింది. నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పంచే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి.