న్యాయమూర్తి కోకా సుబ్బారావు

సర్వోన్నత న్యాయస్థానము తీర్పు లెట్లు చెప్పునో తెలిసికొన గోరువారికి కోకా సుబ్బారావుగారి జీవితము చక్కని పాఠము. వారు 1902 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించిరి. మద్రాసులో న్యాయశాస్త్రము చదివి, న్యాయవాదిగా పేరు గడించి, 1948లో అచ్చటి హైకోర్టు న్యాయమూర్తియైరి. 1954లో గుంటూరున నెలకొన్న ఆంధ్ర హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తి వారే. 1956లో ఆ న్యాయస్థానము హైదరాబాదునకు తరలెను. 1958లో వారు సుప్రీంకోర్టున ప్రవేశించిరి.

అచ్చట రాజ్యాంగార్థమును తేల్చుటకు కనీసము అయిదుగురు న్యాయమూర్తులు కూర్చుండవలెను. అభిప్రాయభేదము కలిగినచో ఎక్కువమంది మాటయే తీర్పగును. తక్కినవారు తమ హేతువులను వేరుగా వ్రాయవచ్చును గాని, ఆ వ్రాత ఎవరిని గాని కట్టివేయజాలదు.

1962లో ఖరక్‌సింగ్ వ్యాజ్యము వచ్చెను. ఉత్తరప్రదేశమున దోపిడి నేరము మోపబడి, సాక్ష్యము లేక విడుదలయైన ఆతని యింటికి పోలీసులు రాత్రివేళల వచ్చి తలుపు తట్టుచుండిరి. ఈ రాత్రి తనిఖీలు చెల్లవని ఆరుగురు న్యాయమూర్తులును అంగీకరించిరి. కాని గోప్యత రాజ్యాంగ మిచ్చిన హక్కు కాదని నలుగురు నిర్ణయించిరి. అది వ్యక్తిస్వేచ్ఛలో భాగమేయని, నిఘాకు సంబంధించిన ఆ నిబంధన యంతయు చెల్లదని సుబ్బారావుగారు, జె. సి. షా గారు వ్రాసిరి. ఇద్దరి మాట వీగిపోయెను.

1966 జూన్ 30న వారు భారత ప్రధాన న్యాయమూర్తియైరి. ఆ పదవి నందిన తొలి తెలుగువారు వారే. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ వ్యాజ్యమున, ప్రాథమిక హక్కులను హరించు సవరణలు పార్లమెంటు చేయరాదని, పదునొకండుగురిలో ఆరుగురి బలముతో తీర్పు వెలువడెను. భూసంస్కరణలు తారుమారు కాకుండుటకై ఆ సూత్రము మున్ముందునకే వర్తించునని నిర్ణయించిరి. ఒక్కరి ఆధిక్యముతో పార్లమెంటు చేతులు కట్టుట తగునాయని విమర్శలు చెలరేగెను. ఏప్రిల్‌లో పదవి వీడి, ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసి, జాకీర్ హుస్సేన్‌గారి చేతిలో ఓడిరి. న్యాయపీఠమునుండి నేరుగా ఎన్నికల రంగమునకు దిగుట పలువురకు రుచింపలేదు. 1976 మే 6న వారు పరమపదించిరి.

1973లో కేశవానంద భారతి వ్యాజ్యమున పదముగ్గురు న్యాయమూర్తుల పీఠము గోలక్‌నాథ్ తీర్పును త్రోసిపుచ్చెను. ఐనను రాజ్యాంగ మౌలిక స్వరూపమును పార్లమెంటు చెరుపరాదని హద్దు గీచెను. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించి, ఖరక్‌సింగ్ వ్యాజ్యమున వీగిన అభిప్రాయమే సరియైనదనిరి.

గెలిచిన తీర్పు ఆరేండ్లకే తొలగెను. ఓడిన అభిప్రాయము దాదాపు ఏబదియైదేండ్లకు నెగ్గెను. కావున తీర్పులను చదువు విద్యార్థి, ఎందరు ఎటు మొగ్గిరో లెక్కించి పుస్తకము మూయరాదు. ఓడినవారి హేతువులనుగూడ శ్రద్ధగా చదువవలెను.