తారల ధాతువులను చదివిన వేణు బప్పు

నవాబు జాఫర్ జంగ్ 1901లో 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపును తెప్పించి హైదరాబాదులో నిజామియా వేధశాలకు అంకురార్పణ చేశారు. ఆ వేధశాలలో పనిచేసిన ఖగోళశాస్త్రజ్ఞుని కుమారుడే మనాలి కల్లాట్ వేణు బప్పు. 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. వంశమూలాలు కేరళవే అయినా, నిజాం కళాశాలలో విద్య నభ్యసించి హైదరాబాదు బిడ్డగానే పెరిగారు.

హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో 1949లో హార్వర్డు చేరిన ఏడాదే ఒక తోకచుక్కను కనుగొన్నారు. బప్పు–బాక్–న్యూకర్క్ అని దానికి పేరు. అయితే ఆయన మనసు నిలిచినది వుల్ఫ్–రాయె తారలపైన. ఈ మహాతారలు తమ పైపొరలను ప్రచండ వాయువులుగా విసర్జిస్తాయి. గర్భంలో పండిన నత్రజని, కర్బనం అప్పుడు వాటి వర్ణపటంలో బయటపడతాయి.

ఇందులో విశేషమేమని విద్యార్థి మిత్రులు అడగవచ్చు. విశ్వారంభంలో ఉన్నది దాదాపు హైడ్రోజన్, హీలియములే. తక్కిన మూలకాలలో అధికభాగం తారలలో తయారై, అవి నశించేటప్పుడు పాలపుంతలో కలిసి, తరువాతి తరం తారలకు ముడిసరుకైనవి. కనుకనే అతి ప్రాచీన తారలలో ఇనుము అత్యల్పం. మన సూర్యునిలో హీలియముకన్న భారమైన మూలకాలు నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లు. కొత్తగూడెం బొగ్గులోని కర్బనానికీ, బయ్యారం రాతిలోని ఇనుముకూ పుట్టినిల్లు అట్టి తారలే!

ఏ తార ఎక్కడున్నదో తెలియనిదే ఈ చరిత్రను వరుసగా కూర్చలేము. ఓలిన్ విల్సన్‌తో కలిసి బప్పు 1957లో ప్రకటించిన ఫలితం అందుకు తోడ్పడింది. చల్లని తారల వర్ణపటంలో కాల్షియం నల్లగీత నడుమ ఒక వెలుగుగీత ఉంటుంది. దాని వెడల్పును కొలిస్తే తార అసలు కాంతి, దానినుండి దూరం తెలుస్తాయి. వారి పేర్లతోనే అది నేటికీ పాఠ్యగ్రంథాలలో ఉన్నది.

అయినా నా దృష్టిలో ఆయన ఘనకార్యం అది కాదు. అమెరికాలో అందివచ్చిన అవకాశాలను వదలి, తగిన సాధనాలు లేని స్వదేశానికి ఆయన తిరిగివచ్చారు. 1954లో ఉత్తరప్రదేశ్ వేధశాల బాధ్యత స్వీకరించి, దానిని కాశీ నుండి నైనితాల్‌కు తరలించారు. 1960లో కొడైకెనాల్ సంచాలకులయ్యారు. పిమ్మట తమిళనాడు జవ్వాది కొండలలో, గంధపు చెట్ల అడవి నడుమ కావలూరును ఎంచుకున్నారు. భద్రాచలం అడవుల అమావాస్య నెరిగిన మనకు ఆ చీకటి విలువ వేరే చెప్పనక్కరలేదు. అక్కడ 1968లో 38 సెంటీమీటర్ల టెలిస్కోపు, 1972లో ఒక మీటరు టెలిస్కోపు వెలిశాయి. తన పరిశోధనకు దక్కవలసిన కాలాన్ని ఆయన ఈ నిర్మాణాలకు ధారపోశారు.

2.34 మీటర్ల టెలిస్కోపును మన దేశంలోనే నిర్మించాలని పూనుకున్నారు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షులయ్యారు; ఆ పదవి పొందిన తొలి భారతీయులు వారే. ఆ పదవిలో ఉండగానే, గుండె శస్త్రచికిత్స అనంతరం 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో కన్నుమూశారు. అప్పటికి వయస్సు 55 ఏళ్లు. టెలిస్కోపు ఇంకా పూర్తికాలేదు. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ దానికీ, కావలూరు వేధశాలకూ వేణు బప్పు పేరు పెట్టారు.