ధ్వనిని అంకెలు చేసిన అలెక్ రీవ్స్

ఈసీఈ వాళ్లని ఇంటర్వ్యూలో పీసీఎం అంటే ఏంటని అడగండి. శాంప్లింగ్, క్వాంటైజేషన్, ఎన్‌కోడింగ్ అని గడగడా చెప్పేస్తారు. ఎవరు కనిపెట్టారు, ఎందుకు కనిపెట్టారు అంటే మాత్రం చాలామంది నోరు తెరవరు. ఆయన పేరు అలెక్ హార్లీ రీవ్స్. సీడీలోకి పాట ఎక్కింది ఆయన పద్ధతిలోనే. కానీ ఆయన ఆలోచించింది పాట గురించి కాదు, ఫోన్ గురించి.

1902లో ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో పుట్టారు. లండన్‌లో ఇంజినీరింగ్ చదివి, అట్లాంటిక్ దాటే రేడియో టెలిఫోన్ పనిలో చేరారు. తర్వాత పారిస్‌లోని ఐటీటీ ల్యాబ్‌కి మారారు. అప్పట్లో పెద్ద తలనొప్పి రొద. దూరం వెళ్లేకొద్దీ మాట బలహీనపడుతుంది. మధ్యలో యాంప్లిఫయర్ పెడితే మాటతో పాటు రొద కూడా పెరుగుతుంది. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి పాటలు ఎక్కించుకున్న మన నాన్నల తరానికి ఇది బాగా తెలుసు. మూడో కాపీకొచ్చేసరికి పాట వెనక బుస్సుమని వినిపించేది.

1937లో రీవ్స్‌కి ఒక ఆలోచన వచ్చింది. మన బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించిన ఏడాది కూడా అదే. ఫ్యాక్టరీలో రసమంతా పరీక్షించరు కదా, కొంతసేపటికోసారి శాంపిల్ తీసి, బ్రిక్స్ చూసి, అంకె రాసుకుంటారు. రీవ్స్ ధ్వనితో అదే చేశారు. అలని పంపకుండా, క్షణక్షణం దాని ఎత్తు కొలిచి, ఆ అంకెని 1, 0 పల్సులుగా పంపాలన్నారు. అవతల పల్సు ఉందా లేదా అన్నది తేలితే చాలు, కొత్త పల్సు తయారు చేసుకోవచ్చు. రొద అక్కడితో ఆగిపోతుంది.

ఫ్రాన్స్‌లో 1938లో పేటెంట్‌కి దరఖాస్తు చేశారు. అందులో ఎత్తుని 32 మెట్లుగా విభజించారు, అంటే 5 బిట్లు. అయితే దాన్ని వాల్వులతో కట్టాలంటే ఖర్చు, సైజు రెండూ భరించలేనంత. ట్రాన్సిస్టర్ వచ్చిందే 1947 చివర్లో. అమెరికాలో బెల్ సంస్థ పీసీఎం ఫోన్ లైన్లు మొదలుపెట్టింది 1962లో. అప్పటికి పేటెంట్ గడువు తీరిపోయింది, రీవ్స్‌కి చెప్పుకోదగ్గ రాబడి రాలేదు. నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది.

ఆయన మాత్రం అక్కడే ఆగిపోలేదు. 1940లో జర్మన్ సేనలు పారిస్ మీదికి వస్తుంటే ఇంగ్లండ్ చేరుకుని, బాంబర్ విమానాలకు దారి చూపే ఒబో వ్యవస్థ మీద పనిచేశారు. యుద్ధం తర్వాత హార్లోలోని ఎస్టీఎల్ ల్యాబ్‌లో కాంతితో సమాచారం పంపే పరిశోధనకు ఊపిరి పోశారు. ఆప్టికల్ ఫైబర్‌కి నోబెల్ అందుకున్న చార్లెస్ కావ్ పనిచేసింది ఆ ల్యాబ్‌లోనే. 1969లో బ్రిటన్ పీసీఎం మీద తపాలా బిళ్ల వేసింది. 1971 అక్టోబరులో రీవ్స్ కన్నుమూశారు.

సీడీ ప్లేయర్ జపాన్ మార్కెట్లోకి వచ్చింది 1982 అక్టోబరు 1న. రీవ్స్ 32 మెట్లు అందులో 65,536 అయ్యాయి, అంటే 16 బిట్లు. సెకనుకి 44,100 శాంపిళ్లు. మన చెవి దాదాపు 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది, దానికి రెట్టింపు కంటే ఎక్కువ శాంపిళ్లు కావాలి. మరి సరిగ్గా 44,100 ఎందుకు? మొదట్లో ఆ అంకెల్ని దాచడానికి వీడియో టేపులే వాడారు. మన దూరదర్శన్ వాడిన పాల్ పద్ధతిలో సెకనుకి 50 ఫీల్డులు. ఫీల్డుకి 294 గీతలు, గీతకి 3 శాంపిళ్లు వాడారు. గుణించి చూడండి. ఇంటర్వ్యూలో ఈ లెక్క చెప్పేవాళ్లు తక్కువే.

తేడా చెవులతో తెలుసుకోవాలంటే ఉచితంగా దొరికే ఆడాసిటీలో మీ గొంతు 8,000 దగ్గర ఒకసారి, 44,100 దగ్గర ఒకసారి రికార్డు చేయండి. 'స', 'ష' అక్షరాల దగ్గర జాగ్రత్తగా వినండి.