కోడి రామ్మూర్తి నాయుడు: బలం వెనుక ఊపిరి

ఛాతీకి ఇనుప గొలుసు చుట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చి దాన్ని తెంచేసిన పహిల్వాన్ మన తెలుగువారిలోనే ఉన్నారు. ఆయనే కోడి రామ్మూర్తి నాయుడు. జనం కలియుగ భీముడని పిలిచేవారు. కర్నూలు, కడపల్లో ఇవాళ జిమ్ముకు పోతున్న మన పిల్లల్లో చాలామందికి ఆయన కథ తెలియదు.

1880ల్లో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టారు. చిన్నప్పుడే తల్లి చనిపోయింది. తండ్రి వెంకన్న నాయుడు ఆయనను విజయనగరంలో పోలీసు శాఖలో ఉన్న తన తమ్ముడి దగ్గరికి పంపారు. అక్కడ చదువు కన్నా కసరత్తు మీదే మనసు పడింది. కుస్తీ నేర్చారు, బరువులు ఎత్తారు. తర్వాత మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు.

సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టాక ఆయన పేరు దేశమంతా పాకింది. రొమ్ము మీద పలక వేసుకుని ఏనుగును ఎక్కించుకునేవారు. రెండు కార్లను చెరో పక్క కట్టి నడిపిస్తే, కదలకుండా పట్టి ఆపేవారు. లండన్‌లో రాజు ఐదో జార్జి ముందు కూడా ప్రదర్శన ఇచ్చారని చెబుతారు.

ఇది ఒట్టి కండబలం కాదు. ఆయన ఏళ్ల తరబడి ప్రాణాయామం సాధన చేశారు. ఊపిరి నిండా పీల్చి బిగపడితే ఛాతీ, పొట్ట గట్టిపడి వెన్నుకు ఆసరా ఇస్తాయి. పలక వేస్తే బరువు ఒకే చోట పడకుండా పరుచుకుంటుంది. ఇవాళ వెయిట్ లిఫ్టర్లు బరువు లేపే ముందు ఊపిరి బిగించేది కూడా ఇందుకే. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడక్కుండా ఇలా చేయకూడదు.

అదే కాలంలో గామా పహిల్వాన్ 1910లో లండన్ వెళ్లి జ్బిస్కోతో తలపడ్డారు. ఆయన రోజూ వేలల్లో బస్కీలు తీసేవారని ప్రతీతి. ఇద్దరికీ బలం ఒక్క రోజులో రాలేదు.

మన సీమ పల్లెల్లో గుండు ఎత్తే కుర్రాళ్లకు కూడా ఈ సంగతి తెలుసు. ముందు చిన్న గుండు, అది అలవాటయ్యాకే పెద్దది. గుండును ఒంటికి దగ్గరగా పట్టుకుని, నడుము వంచేయకుండా కాళ్ల బలంతో లేపాలి. జిమ్ములో రెండో వారానికే పక్కవాడితో పోటీపడి బరువు పెంచేవాళ్లు నడుము పట్టేసి ఇంటికొస్తున్నారు. కొందరు తొందరపడి ఇంజెక్షన్ల దాకా పోతున్నారు. అమ్మానాన్నలు ఈ విషయం గమనించాలి.

రామ్మూర్తి బాగా సంపాదించారు, దానధర్మాలకు బాగా ఖర్చుపెట్టారు. చివరి రోజుల్లో కాలికి పుండు వచ్చి కాలు తీసేయాల్సి వచ్చింది. 1942 జనవరిలో ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. విశాఖ బీచ్‌లో ఆయన విగ్రహం ఉంది. అటు వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి. ఏనుగు కథతో పాటు, ఆ ఏనుగును మోయడానికి ముందు ఎన్నేళ్లు సాధన చేశారో కూడా చెప్పండి.